ఇమ్మెరాత్ చర్చి, మా అమ్మమ్మ వాళ్ల బొడ్రాయి

జనవరి 8, 9 తేదీలు వస్తే చాలు, నాకు తెలిసిన జర్మన్ మిత్రులెవరో ఒకరు ఆ వీడియో మళ్లీ పంపిస్తారు. నేను తెరవను. 2018లో ఆ రెండు రోజుల్లో జర్మనీలోని ఇమ్మెరాత్ అనే ఊళ్లో సెయింట్ లాంబెర్టుస్ చర్చిని నేలమట్టం చేశారు. దాని కింద బొగ్గుంది. అదొక్కటే దాని నేరం.

నేను క్రైస్తవుణ్ణి కాను, ఆ దేశం వాణ్ణీ కాను. గోదావరిఖనిలో పుట్టినవాణ్ణి. అయినా ఆ చర్చి గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది. ఎందుకో ఇన్నాళ్లకు రాయాలనిపించింది.

2012 అక్టోబరులో మైనింగ్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేయడానికి జర్మనీలోని ఆఖెన్ నగరానికి వెళ్లాను. అద్దెకు గది దొరకడానికి మూడు వారాలు పట్టింది. చివరికి ఒక పెద్దావిడ ఇంటి పై అంతస్తులో చిన్న గది దొరికింది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు, ఒక్కతే ఉంటుంది. మొదటి రోజే నియమాలన్నీ చెప్పేసింది. రాత్రి పది దాటాక నీళ్ల చప్పుడు కాకూడదు, ఆదివారం బట్టలు ఉతకకూడదు, చెత్త నాలుగు రకాలుగా విడదీయాలి. నెల తిరిగేసరికి నేను ఆవిణ్ణి ఓమా అని పిలుస్తున్నాను. అంటే అమ్మమ్మ. ఆవిడ నన్ను 'యుంగే' అనేది, అబ్బాయీ అని. జర్మన్‌లో మీరు అనే మాట నుంచి నువ్వు అనే మాటకు రావడం చిన్న సంగతి కాదు, పెద్దవాళ్లే ముందు ఒప్పుకోవాలి. ఒక సాయంత్రం కాఫీ పోస్తూ, "ఇక నుంచి నువ్వు అనుకుందాం" అంది. ఆ రోజు గదికి వచ్చి ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

ఏం చదువుతున్నావని అడిగితే గనుల తవ్వకం అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా ఊరిని తవ్వేస్తున్నారు" అంది.

అలా తెలిసింది నాకు ఇమ్మెరాత్ గురించి. ఆఖెన్‌కి ఈశాన్యంగా, ఎర్కెలెంజ్ పట్టణానికి దగ్గర్లో ఉండే పల్లె. వెయ్యికి పైగా జనం. గార్జ్‌వైలర్ అనే ఓపెన్‌కాస్ట్ గని, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని, ఏడాదికింత అని మేసుకుంటూ ఆ ఊరి వైపు వస్తోంది. 2006 నుంచి ఊరిని ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. కొన్ని కిలోమీటర్ల అవతల అదే పేరుతో కొత్త ఊరు కట్టారు. పరిహారం ఇచ్చారు, స్థలాలిచ్చారు. చాలామంది అక్కడికే వెళ్లారు. ఓమా మాత్రం వెళ్లలేదు. ఆఖెన్‌లో చెల్లెలు ఉందని ఇక్కడ ఇల్లు కొనుక్కుంది. కానీ భర్త సమాధి కొత్త ఊళ్లో ఉంది. పాత శ్మశానాన్ని కూడా తరలించారు కదా. "మా ఆయన్ని రెండుసార్లు పాతిపెట్టాను" అని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు బల్ల మీద లేని రొట్టె పొడిని చేత్తో తుడుస్తూనే ఉంది.

నవంబరులో ఒక ఆదివారం నన్ను తీసుకెళ్లింది. ఆఖెన్ నుంచి ఎర్కెలెంజ్‌కి రైలు, అక్కడి నుంచి వాళ్ల మేనల్లుడి కారు. ఆ ప్రాంతమంతా అరచేయిలా చదునైన నేల. నల్లగా మెత్తగా ఉండే మంచి పంట భూమి. షుగర్ బీట్ తవ్వే రోజులు కావడంతో పొలం గట్ల మీద మట్టి పట్టిన దుంపలు గుట్టలుగా పోసి ఉన్నాయి. దూరంగా మంచులో ముందు రెండు గోపురాలు కనిపించాయి. తర్వాతే ఊరు కనిపించింది. ఓమా కారులో ముందు సీట్లో కూర్చుని, వాటిని చూడగానే స్కార్ఫ్ సర్దుకుంది, ఎవరింటికో చేరబోతున్నట్టు.

ఊళ్లో మనిషి అలికిడి లేదు. కిటికీల షట్టర్లన్నీ కిందికి దించి ఉన్నాయి. కొన్ని ఇళ్లు అప్పటికే లేవు, పళ్లు ఊడిన నోరులా వీధి మధ్యలో ఖాళీలు. ఆస్పత్రి ఉండేదిట, మూసేశారు. అన్నిటి మధ్యా చర్చి ఒక్కటే పెద్దరికంగా నిలబడి ఉంది.

దాన్ని ఆ చుట్టుపక్కల వాళ్లు 'ఇమ్మెరాత్ దోమ్' అనేవాళ్లు. దోమ్ అంటే పెద్ద కెథెడ్రల్. మామూలుగా బిషప్ ఉండే చర్చికి ఆ మాట వాడతారు. ఇక్కడ ఏ బిషప్పూ లేడు. కానీ ఆ పల్లెకు అది ఎంత పెద్దదంటే, ప్రేమ కొద్దీ ఆ పేరు పెట్టుకున్నారు. 1888లో మొదలుపెట్టి 1891కి కట్టారు. అదే ఊళ్లో అంతకుముందున్న పాత చర్చి స్థానంలో దీన్ని లేపారు. గుండ్రటి కమానులు, లావాటి స్తంభాలు, ముందువైపు జంట గోపురాలు, నియో రోమనెస్క్ పద్ధతి. పునీత లాంబెర్టుస్ పేరు మీద కట్టారు. ఆయన మాస్‌ట్రిహ్ట్ బిషప్, ఎనిమిదో శతాబ్దం మొదట్లో లియేజ్‌లో హత్యకు గురైనవాడు. ఈ వివరాలన్నీ తర్వాత చదివినవే. ఆ రోజు నేను చూసింది మెట్లు.

గుమ్మం ముందు రాతి మెట్లు మధ్యలో గిన్నెలా అరిగిపోయి ఉన్నాయి. నూటఇరవై ఏళ్ల పాదాలు. వాన నీళ్లు ఆ గుంటలో నిలిచి, అందులో గోపురం తలకిందులుగా కనిపిస్తోంది. ఓమా ఆ నీళ్లలో కాలు పెట్టకుండా అలవాటుగా ఎడమ పక్కకు జరిగి ఎక్కింది. ఆవిడ కాలికి ఆ గుంట ఎక్కడుందో తెలుసు. కళ్లతో చూడనక్కర్లేదు.

లోపల చలి, మైనం వాసన, పాత చెక్క వాసన. బలిపీఠం దగ్గర చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. మన గుళ్లో అఖండ దీపం లాంటిదే. ఆరనివ్వరు. ఓమా ఎడమవైపు మూడో బెంచీలో కూర్చుంది. అక్కడే ఎప్పుడూ కూర్చునేదట. బెంచీ అంచున వేలితో తడిమి నాకు చూపించింది. చిన్న గాటు. వాళ్లన్న పదేళ్లప్పుడు ప్రసంగం వినలేక జేబు కత్తితో చెక్కినది. ఆ తర్వాత వాళ్ల నాన్న ఇంటికెళ్లాక అతన్ని కొట్టాడట. ఆ అన్న యుద్ధం అయ్యాక జబ్బు చేసి పోయాడు. అతని ఫొటో కూడా ఒకటే మిగిలింది. "వాడు మిగిల్చింది ఈ గాటే" అంది. ఆవిడకు బాప్తిస్మం అయింది ఇక్కడే. పెళ్లయింది ఇక్కడే. భర్త శవపేటిక ఆ నడవ మధ్యలోనే పెట్టారు.

వచ్చేటప్పుడు మేనల్లుడు నా కోసమని గని అంచుకు తీసుకెళ్లాడు. నిజం చెప్పాలి. ఆ గనిని చూసి నా గుండె ఎగిరి గంతేసింది. చిన్నప్పుడు బాపు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఓసీపీ, అంటే మా ఊరి ఓపెన్‌కాస్ట్ గని, అంచున నిలబెట్టి శావల్, డంపర్లు చూపించేవాడు. ఇక్కడున్నది వాటి తాతల తాత. బాగర్ 288 అనే చక్రాల తవ్వకపు యంత్రం. 96 మీటర్ల ఎత్తు, 220 మీటర్ల పొడవు, 13,500 టన్నుల బరువు, రోజుకు 2,40,000 ఘనపు మీటర్ల మట్టి తీయగలదు. 2001లో దాన్ని హంబాఖ్ గని నుంచి ఇక్కడికి 22 కిలోమీటర్లు పొలాల మీదుగా, రోడ్లు దాటిస్తూ మూడు వారాల పాటు నడిపించుకుంటూ తెచ్చారు. ఇదంతా నేను క్లాసులో చదివాను. కళ్ల ముందు చూస్తుంటే నోటి మాట రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఓమా కారు దిగలేదు. వీపు గనికి, మొహం గోపురాలకు పెట్టి కూర్చుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి నన్ను చదివించాడు. బొగ్గు లేకపోతే నాకు ఆఖెన్ లేదు, ఆ గది లేదు, ఓమా లేదు.

తర్వాతి ఏడు, 2013 అక్టోబరు 13, ఆదివారం. ఇమ్మెరాత్ చర్చిలో చివరి పూజ. ఓమా వారం ముందే నల్ల కోటు ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. నన్ను రమ్మని అడగలేదు. నేనే వస్తానన్నాను. లోపల అడుగు పెట్టే చోటు లేదు. కొత్త ఊరి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి, ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఖాళీ ఊళ్లో, షట్టర్లు దించిన వీధుల్లో అన్ని కార్లు నిలిచి ఉండటం చూస్తే పండగేమో అనిపించింది.

ఆ మతంలో గుడిని ఆపేయడానికి కూడా ఒక క్రతువుంది. ఇక మీదట ఇది దైవ మందిరం కాదని బిషప్ ఇచ్చిన ఉత్తర్వు చదువుతారు. దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టెను, బయటికి తీసుకెళ్తారు. ఎర్ర దీపం ఆర్పేస్తారు. అంతకుముందు వరకు జనం ధైర్యంగానే ఉన్నారు, పాటలు గట్టిగా పాడారు. దీపం ఆరినప్పుడు మాత్రం అంత పెద్ద చర్చిలోనూ ఒక్కసారిగా ముక్కులు ఎగబీల్చే చప్పుడు. ముందు వరుసలో ఎనభై దాటిన రైతు ఒకాయన, పొలం పనికి బిగుసుకుపోయిన చేతుల్ని మొహం మీద అడ్డం పెట్టుకున్నాడు. ఓమా ఏడవలేదు. బెంచీ అంచున ఉన్న గాటు మీద బొటనవేలు పెట్టి, అక్కడి నుంచి తీయలేదు. అందరూ లేచి బయటికి నడుస్తున్నా ఆ వేలు అక్కడే ఉంది. నేనే మోచేయి పట్టుకుని లేపాను.

బయటికొస్తూ గోడ మీద చూశాను. ఆ రోజు పాడిన పాటల నంబర్లు చెక్క పలక మీద అలాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు.

ఆ డిసెంబరు 17న ఇంకో దెబ్బ. గని కోసం జనాన్ని ఖాళీ చేయించడం చెల్లదని ఇమ్మెరాత్ వాసి ఒకాయన కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లాడు. కోర్టు ఆయన మొర వినలేదు. దేశానికి కరెంటు కావాలి, అది ప్రజాప్రయోజనం అని తేల్చింది. ఊరి వాళ్ల వాదన ముందుగానే వినే పద్ధతి ఉండాలని కూడా అదే తీర్పులో చెప్పింది, కానీ ఇమ్మెరాత్‌కి అప్పటికే ఆలస్యమైపోయింది. ఓమా ఆ వార్త వున్న పేపర్ని మడిచి, బంగాళదుంపల తొక్కలు తీయడానికి కింద పరుచుకుంది.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి. గోదావరి ఒడ్డున వాళ్ల ఊరు కూడా ఓపెన్‌కాస్ట్‌లో పోయింది. నేను హైస్కూల్లో ఉన్నప్పటి మాట. సర్వే, నోటీసులు, పరిహారం, పునరావాస కాలనీలో వరుస ఇళ్లు. అమ్మమ్మ వాళ్ల పెద్దల సమాధులు ఎవరూ తరలించలేదు. ఆ మాటకొస్తే అడగాలని కూడా ఎవరికీ తట్టలేదు. కానీ కొత్త కాలనీలో బొడ్రాయి నిలబెట్టారు. బొడ్రాయి లేకపోతే అది ఊరే కాదు కదా. ఆడబిడ్డలందర్నీ పిలిచారు, పొలిమేర కట్టారు, డప్పులు కొట్టారు, మేం కూడా పోయాం. అందరూ సంబరపడుతుంటే అమ్మమ్మ ఒక్కతే వేపచెట్టు లేని ఆ ఎండలో కూర్చుని నాతో, "గిది కొత్త రాయి బిడ్డా. మా బొడ్రాయి ఆడనే మట్టిల ఉన్నది" అంది. నాకప్పుడు పధ్నాలుగేళ్లు. ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

చివరి పూజ అయిన రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేశాను. ఓమా సంగతి మొత్తం చెప్పాను. మనుషులకు ఇళ్లిచ్చారని, సమాధుల్ని కూడా జాగ్రత్తగా తీసి మార్చారని, చర్చి ఒక్కటే మార్చలేకపోయారని.

"మంచోళ్లేనాయె, పీనుగలను గూడ మతికుంచుకున్నరు" అంది ముందు. తర్వాత చాలాసేపు ఆగి, "మరి దేవునికి ఏం పైకమిచ్చిండ్రు?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగేళ్లు చర్చి అలా నిలబడే ఉంది. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, నేను ఓమా ఇంట్లోనే ఉండిపోయాను. చుట్టూ ఇళ్లు ఒక్కొక్కటే పోతూ ఉంటే, ఆఖరికి జంట గోపురాలు బయలు మధ్యలో మిగిలిపోయాయి. పక్క ఊరు బోర్షెమిష్‌లో చర్చి 2016లోనే పోయింది. ఒకసారి నేనొక్కణ్ణే వెళ్లాను. తలుపు మూసుంది, చుట్టూ కంచె. ఆ మెట్ల గుంటలో వాన నీళ్లు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి.

2018 జనవరి 8, సోమవారం. ఉదయాన్నే యంత్రాలు వచ్చాయని తెలిసింది. నేను సెలవు పెట్టాను. కారులో తీసుకెళ్తానన్నా ఓమా రానంది. వంటింటి బల్ల మీద చక్కెర డబ్బాకు నా ఫోన్ ఆనించి ఇద్దరం చూశాం. పర్యావరణ ఉద్యమకారులు కొందరు లోపలికి చొరబడి బ్యానరు కట్టి కొన్ని గంటలు పని ఆపించారు. ఓమాకు వాళ్ల మీద ఆశేమీ లేదు. "పాపం, చలిలో" అని మాత్రం అంది. పోలీసులు వాళ్లను దించేశాక మళ్లీ మొదలైంది. పేల్చలేదు. పొడుగాటి ఇనుప చెయ్యి ఒకటి చర్చిని కొరికి కొరికి పక్కన పెడుతూ వచ్చింది. 127 ఏళ్లు నిలబడ్డ గోడ ఒక్కో ముక్కా పడుతుంటే లేచిన దుమ్ము మీద ఇంకో పక్క నుంచి నీళ్లు చిమ్ముతున్నారు.

నాకు గుండె పగిలింది ఎక్కడంటే, ఒక దశలో లోపలి గోడ బయటపడింది. రంగు వేసిన కమాను, పగటి వెలుగు ఎన్నడూ నేరుగా పడని చోటు, ఒక్కసారిగా ఆకాశం కింద నిలబడింది. ఎవరో పెద్దమనిషి పైబట్ట నలుగురిలో లాగేసినట్టు అనిపించింది. నేను తల తిప్పుకున్నాను.

రెండో గోపురం వంతు వచ్చేసరికి ఓమా చెయ్యి చాచి ఫోన్ను బోర్లించింది. అంతే. లేచి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అది పడటం ఆవిడ చూడలేదు, నేనూ చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. అందుకే ఎవరు ఆ వీడియో పంపినా తెరవను. నా లెక్కలో ఒక గోపురం ఇంకా ఉంది.

ఆ ఏడే నేను ఉద్యోగం మారాను. తవ్విన గనుల్ని మళ్లీ పొలాలుగా, చెరువులుగా మార్చే పనిలో చేరాను. ఓమా కోసమని చెప్పలేను. ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి గని ముందు నిలబడటం మాత్రం ఇక నా వల్ల కాలేదు.

ఆ తర్వాత జరిగింది ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది. ఇమ్మెరాత్‌కి దగ్గర్లోనే కాయెన్‌బెర్గ్ అనే ఊరుంది. అదీ గనిలోకి పోయే జాబితాలోనే ఉండేది. అక్కడి చర్చిలో కూడా 2021 నవంబరులో చివరి పూజ జరిపి దీపం ఆర్పేశారు. సరిగ్గా ఏడాది కూడా కాకముందే, 2022 అక్టోబరులో, ఆ ప్రాంతంలో బొగ్గు తవ్వకం 2030కే ఆపేస్తామని ఒప్పందం కుదిరింది. కాయెన్‌బెర్గ్‌తో కలిపి అయిదు ఊళ్లు గనిలో పోకుండా మిగిలాయి. చర్చి నిలబడే ఉంది. దీపం మాత్రం ముందే ఆర్పేశారు.

నేను సంతోషంగా ఆ వార్త చదివి వినిపించాను. ఓమా కళ్లజోడు తీసి తుడుచుకుంది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఇరవయ్యొకటి. "అయిదేళ్లు కూడా కాదు యుంగే" అంది. "అయిదేళ్లు కూడా ఆగలేకపోయారు."

2023 వసంతంలో ఓమా పోయింది. నిద్రలోనే. కొత్త ఇమ్మెరాత్‌లో భర్త పక్కన పెట్టారు. అక్కడ చిన్న ప్రార్థనా మందిరం కట్టారు, శుభ్రంగా, కొత్తగా ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ లోపల చోటు చాల్లేదు. సగం మంది బయట వాన తుంపర్లో నిలబడ్డాం. నా పక్కనున్న ఒకాయన, ఆ పాత రైతు కొడుకనుకుంటాను, ఎవరితోనూ అన్నట్టు కాకుండా మెల్లగా అన్నాడు, "దోమ్‌లో అయితే అందరం పట్టేవాళ్లం."

ఇంటికొచ్చి అమ్మమ్మకు ఫోన్ చేశాను. ఆమెకూ చూపు తగ్గింది, వినికిడి మాత్రం బాగానే ఉంది.

"ఏడ పెట్టిన్రు?"

"వాళ్లాయన పక్కనే, అమ్మమ్మా."

"గట్లయితె మంచిగనె ఉన్నది." కాసేపు ఊరుకుంది. "వాళ్ల ఊరి పేరేందో అంటివి?"

"ఇమ్మెరాత్."

"ఇమ్మెరాతు" అంది. నోట్లో తిప్పుకుని మళ్లీ ఒకసారి అంది, ఈసారి మెల్లగా, తెలిసిన ఊరి పేరు పలికినట్టు. "ఇమ్మెరాతు."